కాజాలవేళ చదివిన దయ్యం పుస్తకం

బడి చొక్కాలు మూటకి మూట వెనక్కి వచ్చేశాయి. కుట్లు ఊడిపోయి కాదు, కాజాల్లోకి గుండీలు దూరక. పిల్లలు పొద్దున్నే చొక్కా తొడుక్కుని, గుండీ పెట్టుకోబోయి, కుదరక, ఏడుపు మొహాలతో అమ్మల వెంట పడుతున్నారని బడి గుమాస్తా ఆ మూట నా కటింగ్ బల్ల మీద పడేసి మరీ చెప్పాడు. కత్తెర పట్టుకుని జుట్టు నెరిసినవాణ్ణి, ఇలాంటి ఫిర్యాదు వినడం అదే మొదలు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. మూట విప్పి ఒక్కొక్క కాజా వేలితో తడిమి చూశాను. దారం బిర్రుగా లాగి, పీక నొక్కినట్టు కుట్టి ఉంది. ఒకరివి కాదు, అందరివీ అంతే. అప్పుడు వెలిగింది నాకు. ఇదంతా మా వదిన చదువుతున్న దయ్యం పుస్తకం నిర్వాకం.

ఆ పుస్తకం కాజాలు పాడుచేసి ఊరుకుని ఉంటే నేనిదంతా చెప్పుకొచ్చేవాణ్ణి కాదు. దాని ధర్మమా అని మా వదినకీ గుండీలక్కకీ మధ్య ఉన్న స్నేహం పుటుక్కున తెగిపోబోయింది. పక్కపక్కన కూచుని ఒక గ్లాసు టీ ఇద్దరూ పంచుకు తాగే మనుషులు వాళ్ళు. ఒకరు రాని రోజు రెండోవాళ్ళకి సూదిలో దారం కూడా ఎక్కదు. వాళ్ళలో ఒకరు వెళ్ళిపోతే మిషన్లు తిరుగుతాయి, బట్టలు తయారవుతాయి, కానీ ఆ గదిలోకి అడుగు పెట్టాలని నాకే అనిపించదు.

మా షాపు ఒక పొడుగాటి గది. వీధి వైపు నా కటింగ్ బల్ల, గోడ పొడుగునా కుట్టుమిషన్లు, చివర కిటికీ కింద ఇస్త్రీ బల్ల. అక్కడ మా ఇస్త్రీ తాత ఉంటాడు. ఆయన వయసెంతని అడిగితే పెట్టె ఇంకా వేడెక్కలేదంటాడు. బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషను మీద ఒక పడుచుపిల్ల. ఓవర్‌లాక్ పిల్ల అనే పిలుస్తాం. బల్లి కనిపిస్తే స్టూలెక్కి నిలబడుతుంది, అది పోయిందని ఇద్దరు సాక్ష్యం చెబితే గానీ దిగదు. గుండీలూ హుక్కులూ గుండీలక్క పని, పొద్దుటిపూట ఆవిడకీ ఒక మిషను ఉంది. మా వదిన ఏ పని చేస్తుందంటే, చెబుతాను, దానికే వస్తున్నాను.

పొద్దుట నుంచి భోజనాలదాకా మిషన్లు. భోజనాలయ్యాక టీ వచ్చేదాకా మిషన్లన్నీ ఆపేసి అందరూ నా బల్ల చుట్టూ చేరతారు. కాజాలు, గుండీలు, హెమ్మింగు, అంతా చేతిపని. దాన్ని మేం కాజాలవేళ అంటాం. ఆ వేళలో వదిన పుస్తకం పైకి చదువుతుంది, మిగతావాళ్ళు వింటూ కుడతారు. ఎవరూ మిషను ముట్టుకోకూడదు. వదిన వాటా కాజాలు మిగతావాళ్ళు పంచుకుంటారు. ఆవిడ చదువుకి అదే కూలి.

ఇప్పుడు చెప్పేది వింటే ఆవిడకి ఒళ్ళు మండుతుంది, అయినా చెబుతాను. వదినకి కాజా కుట్టడం రాదు. షాపులో చేరిన కొత్తలో మొదటి కాజా కుట్టి నాకు చూపిస్తే, ఇది కుట్టిందా ఎలుక కొరికిందా అని అడిగాను. మొహం మాడ్చుకుంది. మా అన్నయ్య, అంటే ఆవిడ మొగుడు, పాత కాగితాల కొట్లో తూకం దగ్గర పనిచేస్తాడు. అట్ట ఊడిన పుస్తకాలు, సగం చిరిగిన పుస్తకాలు రోజూ ఒకటో అరో సంచిలో వేసుకొస్తాడు. వదిన అన్నం వండుతూ చదువుతుంది, బట్టలు ఆరేస్తూ చదువుతుంది. కాజాకి నేను చీవాట్లేసిన మర్నాడు సంచిలోంచి ఒక పుస్తకం తీసి, నేను చదువుతాను, నా కాజాలు మీరెవరైనా కుట్టండి అంది. నేను నోరు తెరిచేలోపే గుండీలక్క వదిన ఒళ్ళో ఉన్న చొక్కా లాక్కుని కుట్టడం మొదలుపెట్టింది. ఆవిడప్పటికి చేరి వారం కూడా కాలేదు. ఆ రోజు నుంచి వదిన కాజాల్లో సగానికి పైగా ఆవిడవే.

వదిన చదవడమంటే చదవడం కాదు. ముసలమ్మ మాట్లాడితే బోసినోటితో మాట్లాడుతుంది, పోలీసు వస్తే గది అదిరిపోతుంది, కథలో కుక్క ఉంటే మొరుగుతుంది కూడా. పుస్తకానికి చివరి పేజీలు లేకపోతే ముగింపు తనే కల్పిస్తుంది. ఆవిడ ముగింపులన్నీ పెళ్ళిళ్ళే. ఒకసారి డిటెక్టివ్‌కీ హంతకురాలికీ పెళ్ళి చేసేసింది. నేను అరిస్తే, జైలుకి పంపినా ఒకటే, పెళ్ళి చేసినా ఒకటే అంది. నేను మాత్రం కథలు వినను. నా పాటికి నేను బట్ట కోసుకుంటూ ఉంటాను. చెవిలో పడితే నా తప్పు కాదు. ఒకరోజు ఒకే చొక్కాకి రెండూ ఎడమ చేతులే కోసిన మాట నిజమే కానీ దానికీ కథకీ సంబంధం లేదు.

గుండీలక్క సంగతి వేరు. ఆవిడ మాట్లాడదు. ఊ అంటుంది, ఉహూ అంటుంది, దారం కావాలంటే రీలు వైపు వేలు చూపిస్తుంది. తప్పనిసరై మాట్లాడితే రెండు ముక్కలు, అదీ కింద చూస్తూ. గొంతు సన్నంగా, కాస్త ముక్కులోంచి వస్తుంది. పుట్టుకతోనే మితభాషి అనుకున్నాం. వదిన ఇద్దరి మాటలూ తనే మాట్లాడేది.

ఇక ఆ పుస్తకం. ముందు అట్ట లేదు, పేరు లేదు, రాసిందెవరో తెలియదు. కథ ఒక హాస్టల్లో. పదిహేనేళ్ళ పిల్ల ఒకతె ఉంటుంది. ఆ పిల్ల గొంతు అదోరకంగా ఉంటుందని తోటిపిల్లలు వెక్కిరిస్తుంటారు. పాఠం చదివితే వెక్కిరింపు, నీళ్ళడిగితే వెక్కిరింపు. అందరికీ నాయకురాలు ఒక జడ పొడుగు పిల్ల. పోనుపోను ఈ పిల్ల నోరు విప్పడమే మానేసింది. అక్కణ్ణుంచి హాస్టల్లో ఒక్కొక్కటే జరుగుతూ ఉంటుంది. ఖాళీ గదిలో ఎవరో పాఠం చదువుతుంటారు. నూతిలోంచి హాజరు పలికినట్టు వినిపిస్తుంది. ఏం జరగబోతోందో తెలియదు, ఏదో జరుగుతుందని తెలుసు. అలా ఊరించి ఊరించి చంపాడు ఆ రాసినవాడు.

విన్నవాళ్ళు తలా ఒక మాట అన్నారు. ఇస్త్రీ తాత మొదటిరోజే ఆ పిల్ల పక్షం చేరిపోయాడు. ఒక్కొక్కళ్ళకీ తగిన శాస్తి జరగాలని పెట్టె ధన్‌మని దించేవాడు. ఓవర్‌లాక్ పిల్ల ఎవరి పక్షమూ కాదు, ఎవరు భయపడితే వాళ్ళతోపాటు భయపడేది. నాకైతే హాస్టలు వార్డెను మీద మండింది. ఇంత జరుగుతుంటే ఆ మనిషి ఎక్కడ పడుకున్నట్టు? జీతం తీసుకోవడం లేదా? వదిన మాత్రం, పిల్లలన్నాక ఆటలు పట్టిస్తారు, దానికింత రాద్ధాంతమా అంది. ఆ మాటకి గుండీలక్క చేతిలో దారం తెగింది. మేమెవరం పట్టించుకోలేదు. దారాలు తెగుతూనే ఉంటాయి.

సరిగ్గా అప్పుడే, భయంతో బిగించి కుట్టిన ఆ చొక్కాల మూట వెనక్కి వచ్చింది. పుస్తకం కట్టిపెట్టమని హుకుం జారీ చేశాను. ఎవరూ వినలేదు. ఇస్త్రీ తాత పెట్టె కింద పెట్టి కూచున్నాడు. చివరికి వదిన ఒక బేరం తెచ్చింది. భయం లేని పేజీల్లో కాజాలు కుడదాం, భయం ఉన్న పేజీల్లో గుండీలు కుడదాం, గుండీకి దారం ఎంత బిగిస్తే అంత మంచిదే కదా అంది. ఆ మాటకి ఒప్పుకున్నాను. ఆ తర్వాత మా షాపు గుండీ లాగితే చొక్కా చిరగాలి గానీ గుండీ ఊడేది కాదు.

అలా ఒకరోజు గుండీల పేజీ వచ్చింది. వెక్కిరించే పిల్లల్లో ఒకతె పొద్దున్నే నిద్ర లేచి పక్కదాన్ని పిలవబోతుంది. తన గొంతు రాదు. ఆ మూగపోయిన పిల్ల గొంతు వస్తుంది. పోయిన గొంతు వెళ్ళి ఆ పిల్ల దగ్గర చేరుతుంది. అప్పటిదాకా పుస్తకంలో ఆ పిల్ల ఒక్క మాటా ఆడలేదు, ఆ గొంతెలా ఉంటుందో మేం వినలేదు. వదిన గొంతు సవరించుకుని పలికింది. సన్నగా, ముక్కులోంచి, మొదటి అక్షరం దగ్గర తడబడుతూ.

అందరికీ ఒళ్ళు జలదరించింది. ఆ వెంటనే ఓవర్‌లాక్ పిల్ల కిసుక్కున నవ్వింది. ఆ గొంతు ఎక్కడో విన్నట్టుందే అనుకుంటూ నేనూ నవ్వాను. గుండీలక్క తలెత్తలేదు. చేతిలో గుండీ బల్ల మీద పెట్టింది, సూది దిండుకి గుచ్చింది, లేచి తన మిషను దగ్గరికి వెళ్ళి కూచుంది. మర్నాడు కాజాలవేళ ఆవిడ బల్ల దగ్గరికి రాలేదు. మిషను మీదే కూచుని, వదిన మొదటి వాక్యం చదవగానే మోటారు తొక్కింది.

మిషను కింద బట్ట లేదు. సూదికి దారం లేదు. ఊరికే తొక్కుతోంది. కాజాలవేళ మా షాపులో మిషను తిరగడం అదే మొదటిసారి. నేను రుసరుసలాడుతూ వెళ్ళాను. ఏమిటిది అని అడిగాను. ఆవిడ కాలు తీయకుండానే, కింద చూస్తూ, నాలుగు ముక్కలు చెప్పింది.

"వచ్చే నెల నుంచి నేను రాను మాస్టారూ. కర్టెన్ల షాపులో పని దొరికింది."

నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఎందుకక్కా అన్నాను. జీతం సంగతా అంటే ఉహూ అంది. నేనేమైనా అన్నానా అంటే ఉహూ అంది. అప్పటికి గానీ నా మట్టిబుర్రకి తట్టలేదు, వదిన పలికిన ఆ గొంతు ఎవరిదో.

టీ అయ్యాక గ్లాసులు కడుగుతున్న వదినని పట్టుకున్నాను. ముందు దబాయించింది, తర్వాత గ్లాసు కింద పెట్టి కళ్ళు తుడుచుకుంది. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బళ్ళో, ఒకే తరగతిలో చదివారట. ఈ ముక్క ఇన్నేళ్ళుగా ఇద్దరిలో ఒక్కరూ బయటపెట్టలేదు. వదిన ఆ రోజుల్లో ఎవరికీ పట్టని పిల్ల. చదువూ అంతంతే, ఆటలూ అంతంతే. ఒకరోజు గుండీలక్క లేచి పాఠం చదువుతుంటే, వెనక బెంచీలోంచి వదిన అదే గొంతుతో ఆ వాక్యం తిరిగి చదివింది. తరగతి తరగతంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ రోజు నుంచి వదిన చుట్టూ స్నేహితులు. అడిగినవాళ్ళకల్లా ఆ గొంతు వినిపించేది. గుండీలక్క పాఠం చదవడం మానేసింది, తర్వాత జవాబులు చెప్పడం మానేసింది, ఆ తర్వాత మొత్తానికి నోరు విప్పడమే మానేసింది.

"ఈ గొంతులు మార్చే విద్య నాకు దాని గొంతుతోనే మొదలైంది, మరిదీ," అంది వదిన. "నిన్న కావాలని చెయ్యలేదు. పేజీ చూడగానే అదే వచ్చేసింది. ఇన్నేళ్ళయినా నా నాలిక మీద అలాగే ఉంది."

గుండీలక్క షాపులో చేరిన రోజు వదిన గుర్తుపట్టింది, భయపడింది. ఆవిడ ఏమీ అనకుండా పక్కన కూచుని తన కాజా అందుకునేసరికి, మరిచిపోయింది కాబోలు, బతికిపోయాను అనుకుంది. అలా అనుకుంటూ అనుకుంటూ స్నేహం అయిపోయింది. మరి వెళ్ళి క్షమించమని ఒక్క మాట అడగొచ్చుగా అన్నాను నేను. ఏ మొహం పెట్టుకుని అడగను, అది నా గొంతు వింటేనే మిషను తొక్కుతోంది కదా అంది వదిన.

అడగలేదు. దానికి బదులు పుస్తకం గట్టిగా చదవడం మొదలుపెట్టింది. గుండీలక్క మిషను తొక్కుతుంటే దాని మోతని మించి చదివేది. ఆవిడ ఇంకా గట్టిగా తొక్కేది, ఈవిడ ఇంకా అరిచేది. పుస్తకంలో ఒక్కొక్క పిల్ల గొంతూ పోతోంది, మా షాపులో చెవులు పోతున్నాయి. దారిన పోయేవాళ్ళు పోట్లాటేమోనని లోపలికి తొంగిచూసేవారు. వదిన ఆ మూగపిల్ల గొంతు పలకాల్సి వచ్చినప్పుడు మాత్రం మామూలు గొంతుతోనే చదివేది. అది గుండీలక్కకి వినపడాలనే ఆవిడ తాపత్రయమంతా. మిషను మోతలో వినపడితే కదా.

వారం తిరగకుండానే జరగవలసింది జరిగింది. ఒక పొద్దున వదిన షాపులోకి వచ్చి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. ఓవర్‌లాక్ పిల్ల స్టూలెక్కేసింది. పుస్తకంలోని దయ్యం పట్టుకుందని ఇస్త్రీ తాత తేల్చేశాడు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది, ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే పోతుందని నేను మొత్తుకున్నా ఎవరికీ ఎక్కలేదు. వదిన మొహం చూస్తే ఆవిడకీ నా మాట మీద నమ్మకం ఉన్నట్టు లేదు.

మధ్యాహ్నం అందరూ బల్ల చుట్టూ కూచున్నారు. మిగిలింది చివరి భాగమే. జడ పొడుగు పిల్ల ఒక్కతే ఇంకా సొంత గొంతుతో ఉంది. దాని తల్లికి చూపు లేదు, కూతుర్ని గొంతుతోనే ఆనవాలు పడుతుంది. ఇంత దూరం వచ్చి ఆగమంటే ఎవరాగుతారు? నేను చదువుతానన్నాను. అర పేజీ చదివేసరికి, కొలతలు చదివినట్టుందని ఇస్త్రీ తాత పుస్తకం లాగేసుకున్నాడు. ఓవర్‌లాక్ పిల్ల ముట్టుకోనే ముట్టుకోనంది. గుండీలక్క ఎప్పటిలాగే తన మిషను దగ్గర కూచుని మోటారు తొక్కింది. ఆ ఒక్క చప్పుడే గదంతా.

వదిన లేచింది. గుండీలక్క వాటా చొక్కాల దొంతర చేతిలోకి తీసుకుంది. స్టూలు లాక్కుని వెళ్ళి ఆవిడ మిషను పక్కనే వేసుకుంది. సూదిలో దారం ఎక్కించడానికే నానా తంటాలు పడి, పై చొక్కా ఒళ్ళో వేసుకుని, కాజా కుట్టడం మొదలుపెట్టింది. ఆ వంకర కుట్టు చూసి నా ప్రాణం ఉసూరుమంది గానీ నోరు మూసుకున్నాను. కొంతసేపటికి మిషను ఆగింది.

"ఏం చేస్తున్నావ్?" అంది గుండీలక్క.

వదిన ఏదో అనబోయింది, రాలేదు. గుటక మింగి మళ్ళీ ప్రయత్నించింది. గుసగుసకంటే చిన్నగా వచ్చింది, కానీ మేమందరం ఊపిరి బిగబట్టి ఉన్నాం కాబట్టి వినపడింది.

"నీ కాజాలు. తప్పు నాదే. అప్పటిదీ నాదే, మొన్నటిదీ నాదే."

గుండీలక్క మిషను మీంచి కాలు తీసింది. తర్వాత తలెత్తి, వదిన మొహంలోకి చూస్తూ మాట్లాడింది. అన్ని మాటలు ఆవిడ నోట నేను వినడం అదే మొదలు.

"నేను వచ్చిన రోజే నిన్ను గుర్తుపట్టాను. నువ్వూ పట్టావు. ఇవాళ అంటావు, రేపు అంటావు అని చూశాను. ఎన్ని పుస్తకాలు చదివావు నువ్వు నాకు. ఈ ఒక్క ముక్క అనడానికి నోరు రాలేదా?"

"సిగ్గేసింది," అంది వదిన, ఆ లేని గొంతుతోనే.

"నాకు ఏడుపొచ్చింది. రోజూ నీ పక్కనే కూచున్నా రోజూ ఎదురుచూశాను." గుండీలక్క ముక్కు తుడుచుకుంది. వదిన ఒళ్ళోని చొక్కా తీసి ఆ కాజాని అటూ ఇటూ తిప్పి చూసి మళ్ళీ ఒళ్ళో పడేసింది. "ఇంకో మాట. నా గొంతు అంత సన్నం కాదు. అప్పుడూ నీకు సరిగ్గా రాలేదు, మొన్నా రాలేదు. ఊరికే పేరు నీకు."

ముందు ఇస్త్రీ తాత నవ్వాడు. తర్వాత అందరం నవ్వాం. వదిన చప్పుడు లేకుండా, భుజాలు ఎగరేస్తూ, కళ్ళమ్మట నీళ్ళు కారుతుండగా నవ్వింది. నాకూ కళ్ళు చెమర్చాయి. సుద్ద పొడి పడింది.

గుండీలక్క లేచి వచ్చి నా బల్ల దగ్గర, వదిన ఎప్పుడూ కూచునే చోట కూచుంది. పుస్తకం ఇమ్మని తాత వైపు చెయ్యి చాపింది. కర్టెన్ల షాపు సంగతేమిటని నేను నసిగాను. రానని కబురు పెడతాలెండి, ముందు ఆ పిల్ల సంగతి తేలాలి అంది. వదిన చొక్కాలతో సహా వచ్చి పక్కన చేరింది.

మొదట్లో తడబడింది. రెండు మూడు వాక్యాలు లోపల్లోపలే నలిగాయి. తర్వాత దారి దొరికింది. గొంతులు మార్చలేదు, కుక్కలా మొరగలేదు. తన గొంతుతోనే, ఉన్నది ఉన్నట్టు చదువుకుపోయింది. ఏం చెప్పను. వదిన ఇన్నాళ్ళూ పెట్టిన భయమంతా ఒక ఎత్తు, ఆ సన్నని గొంతు తొణక్కుండా చదువుతుంటే పుట్టిన భయం ఒక ఎత్తు. ఓవర్‌లాక్ పిల్ల నా చొక్కా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేనూ విడిపించుకోలేదు.

జడ పొడుగు పిల్ల గొంతు పోయింది. హాస్టలు గోడ దూకి, వానలో పడి ఇంటికి పరుగెత్తింది. తలుపు కొట్టింది. లోపల్నుంచి తల్లి ఎవరని అడిగింది. నేనేనమ్మా అంటే, తను వెక్కిరించిన ఆ మూగపిల్ల గొంతే వచ్చింది. నా కూతురి గొంతు నాకు తెలియదా, ఎవరమ్మా నువ్వు, వెళ్ళు అంది తల్లి. ఎంత ఏడ్చినా అదే గొంతు, ఎంత అరిచినా అదే గొంతు. అంతలో వెనక ఎవరో నిలబడ్డట్టయి తిరిగి చూసింది. ఆ పిల్ల. వానలో తడుస్తూ, ఏమీ అనకుండా, చూస్తూ ఉంది. ఈ కూతురి అసలు గొంతు ఇప్పుడు ఆ పిల్ల దగ్గరే ఉంది. ఆ పిల్ల పిలిస్తే తలుపు తెరుచుకుంటుంది, పిలవకపోతే లేదు.

గుండీలక్క పేజీ తిప్పింది. నేను ఆవిడ వెనక ఉన్న కత్తెర కోసం వంగాను. వంగినవాణ్ణి అలాగే ఉండిపోయాను. పుస్తకంలో ఇంక పేజీలు లేవు. చిరిగిన అంచు, దాని కింద వెనక అట్ట, అంతే. ఆవిడ బొటనవేలు ఆ ఉత్త అట్ట మీద ఉంది. కళ్ళు అక్కడే ఉన్నాయి. గొంతు మాత్రం ఆగలేదు.

వాన జోరందుకుంది అని చదివింది. పిల్ల పిలవలేదు, చూస్తూ నిలబడింది అని చదివింది. గాలి లేచిందని చదివింది, దీపం ఆరిందని చదివింది. జడ పొడుగు పిల్ల జడ విడిపోయి మొహానికి అతుక్కుందని చదివింది. కాస్త ఆగి, వడగళ్ళు కూడా మొదలయ్యాయంది. పక్కన కూచున్న వదిన కాజా మధ్యలో సూది ఆపి, అట్ట వైపు చూసింది, ఆవిడ మొహంలోకి చూసింది. ఎవరికీ వినపడకుండా అడిగాననుకుంది గానీ నాకు వినపడింది.

"ఇంకా ఎంతసేపు తడుపుతావే?"

"నువ్వు కాజా కుట్టు," అంది గుండీలక్క.

వదిన తల దించుకుని కుట్టింది. గుండీలక్క ఇంకో రెండు వాక్యాల వాన కురిపించింది. తర్వాత, లేని పేజీ ఒకటి జాగ్రత్తగా తిప్పి, ఆ పిల్ల తలుపు దగ్గరికి నడిచి వచ్చిందని చదివింది. తలుపు మీద చెయ్యి వేసి పిలిచిందని చదివింది.

"అమ్మా, తలుపు తియ్యి. నేనే. నాతో ఇంకో పిల్ల కూడా ఉంది, బాగా తడిసిపోయింది."